గడియారాన్ని రెండోసారి అడగడం

మా మేనత్త అరటితోటలో టైమరు పెట్టె ఒక పొద్దున ఉన్నట్టుండి వచ్చే శతాబ్దంలోకి వెళ్ళిపోయింది. ఆ వార్త ఆమె నాకు ఫోనులో ఇలా చెప్పింది:

"అబ్బీ, నీ పెట్టె లెక్క ప్రకారం నేను సచ్చి శానా ఏండ్లయింది. మోటారు ఆగిపోయింది. వచ్చి సూసి పో."

వేముల దాటి పులివెందుల వైపు వెళ్తుంటే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది ఆమె తోట. మామ పోయాక సేద్యమంతా ఆమే చూసుకుంటోంది. బోరు మోటారుకు తగిలించిన ఆ పెట్టె పొద్దున ఆరింటికి మోటారు వేస్తుంది. తోటను నాలుగు భాగాలు చేసి వంతులవారీగా డ్రిప్పు నీళ్ళు వదులుతుంది. అన్నీ తడిశాక మోటారు ఆపుతుంది. వేసినప్పుడూ ఆపినప్పుడూ ఆమె ఫోనుకు ఒక మెసేజి పంపుతుంది. ఆ రోజు రెండో భాగం ఇంకా తడుస్తుండగానే పెట్టె మీది చిన్న తెరలో మనలో ఎవరమూ బతికి ఉండని ఏడాది కనిపించింది. వంతులన్నీ ఎన్నో ఏళ్ళ కిందటే అయిపోయాయని నమ్మి పెట్టె మోటారు ఆపేసింది. స్విచ్చి తీసి వేస్తే బుద్ధిగా మళ్ళీ ఈనాటికి తిరిగొచ్చింది.

"స్విచ్చి తీసి వేస్తే సరిపోయింది కదత్తా?" అన్నాను.

"సరిపోయింది. మొన్న కూడా సరిపోయింది. స్విచ్చి తీసి ఏసేదానికి నేను ఈడనే కూసోవాలంటే ఇంక పెట్టె ఎందుకు? జమ్మలమడుగులో పాప నెలలు నిండి ఉండాది. డాక్టరమ్మ దాన్ని బండెక్కొద్దనింది. కాన్పుకు నేనే పోతానని మాటిచ్చినా. గెలలు బలిసే టయానికి నీళ్ళు తప్పితే కాయ నిండదు. నన్ను కూతురు దగ్గరికి పంపిస్తావా, పెట్టె దగ్గర కాపలా పెడతావా, నువ్వే చెప్పు."

వస్తానన్నాను. ఆ పెట్టె లోపలి కెర్నల్ సిద్ధం చేసింది నేనే.

కెర్నల్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. ఏ కంప్యూటర్లోనైనా అన్నిటికంటే అడుగున ఒక ప్రోగ్రాం ఉంటుంది. పైన పనిచేసే ప్రోగ్రాములకూ కింద ఉన్న చిప్పుకూ మధ్య మాట నడిపేది అదే. ప్రొద్దుటూరులో ఇంట్లో కూర్చుని నేను చేసే ఉద్యోగం దాన్ని బాగుచేయడం. ఆ బాగుచేయడంలో పెద్ద భాగం చిప్పు చేసే తప్పులు పైవాళ్ళకు తగలకుండా కాచుకోవడం. వినేవాళ్ళు ఆశ్చర్యపోతారు: చిప్పు కూడా తప్పు చేస్తుందా? చేస్తుంది. మనుషులు గీసిన బొమ్మే కదా అది. ఒకసారి ఫ్యాక్టరీలో పోతపోశాక దిద్దడం కుదరదు. అచ్చయిపోయిన పుస్తకానికి చివర తప్పొప్పుల పట్టిక అంటించినట్టు, చిప్పుల కంపెనీలు కూడా ఒక పట్టిక ఇస్తాయి. ఫలానా పని చేసేటప్పుడు ఫలానా పొరపాటు జరుగుతుంది, దిద్దే ఉద్దేశం మాకు లేదు, మీ కెర్నల్లో చుట్టూ తిరిగి పొండి అని మొహమాటం లేకుండా రాస్తాయి. మన మఠాధిపతులు ఈ నిజాయితీలో పావు వంతు చూపించినా నేను ఎన్నో ఆదివారాలు ఇంట్లో హాయిగా పడుకుని ఉండేవాణ్ణి.

ఆదివారాలు అన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్పేస్తాను. నేను కంప్యూటర్ల కంటే ముందు వాదించడం నేర్చుకున్నాను. ప్రొద్దుటూరు బట్టల బజారులో ఒక అంగడి మేడమీది గదిలో, రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన ప్రతి ఆదివారం చర్చ నడిపేవారు. దేవుడు, దయ్యం, కులం, ముహూర్తం, దేన్నీ వదిలేవాళ్ళం కాదు. చుట్టుపక్కల ఎక్కడ మహిమ జరిగిందన్నా బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం.

ఒకసారి జమ్మలమడుగు దగ్గర వేపచెట్టుకు పాలు కారుతున్నాయని వెళ్ళాం. చూసినవాడు దొరికాడు. దీపం వెలిగించగానే పాలు కారాయని చెప్పాడు. మాస్టారు అతనికి టీ తాగించి, ఊరి వానల గురించి కాసేపు మాట్లాడి, మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నారు. ఈసారి పాలు కారగానే దీపం వెలిగించామన్నాడు. నేను లేచి "దొరికాడు, అబద్ధం!" అని అరిచాను. అప్పుడు నా రక్తం అలా ఉండేది. మాస్టారు నా చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టారు.

"అబద్ధం కాదురా. ఆ టయంలో వాని తలకాయి గిర్రున తిరుగుతాంది. తిరిగేటప్పుడు పట్టుకుంటే చక్రం కూడా తప్పే చెప్తాది. తిట్టగాకు. ఇంగోసారి అడుగు."

మూడోసారి అడిగితే అతను తల గోక్కుని, "నిజం చెప్పాలంటే సారూ, నేను పోయేతలికే కారతాండాది" అన్నాడు. దీపం సంగతి అతనికి వేరేవాళ్ళు చెప్పిందట. సాక్షిని రెండుసార్లు అడగాలి, మాట కలవకపోతే కొట్లాడకుండా మళ్ళీ అడగాలి. మాస్టారి దగ్గర నేను నేర్చుకున్న వాటిలో అన్నిటికంటే పనికొచ్చింది అదే. యంత్రాలకు కూడా పనికొస్తుందని అప్పుడు తెలియదు.

అత్త ఫోను పెట్టేశాక నా మిత్రుడి కొట్టుకు వెళ్ళాను. ఆ పెట్టెలు తయారుచేసి బిగించేది అతనే. చాలా ఏళ్ళు కువైట్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి వచ్చి, ప్రొద్దుటూరులో భార్యతో కలిసి ఒక చిన్న కొట్టు పెట్టాడు. ఇద్దరూ మా ఆదివారాలకు వచ్చేవాళ్ళే. అతను నన్ను మామా అంటాడు, మా అత్తను అత్తా అంటాడు.

"కరెంటు మామా. ఆ లైన్లో ఓల్టేజీ ఎగిరెగిరి పడతాది. ఇంగేంది?" అన్నాడు వినీ వినకముందే.

"ఎండ కావచ్చు. రేకు కొట్టంలో పెట్టినారు కదా," అంది అతని భార్య.

"నా కోడు కూడా కావచ్చు," అన్నాను. చిప్పు కావచ్చని మా ముగ్గురిలో ఎవరూ అనలేదు. మాకు తెలియని తప్పు ఉండే వీలుందని నాకు తోచలేదు. ఆ చిప్పు తప్పొప్పుల పట్టిక నాకు నోటికి వచ్చు. గడియారం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మరునాడు అతని బండిమీద ఇద్దరం బయలుదేరాం. వీరపునాయునిపల్లె దాటేసరికే ఎండ నెత్తిమీద కూర్చుంది. తోట చేరేసరికి అత్త మోటారు కొట్టం ముందు మంచం వేసుకుని, పెట్టె వైపు మొహం పెట్టి, కొత్త అల్లుణ్ణి కనిపెట్టుకున్నట్టు కూర్చుని ఉంది. పక్క తోట రైతు కూడా అక్కడే ఉన్నాడు.

"వచ్చినారా ఇద్దరూ. ఒకడు పెట్టె జేసినోడు, ఒకడు పెట్టెకు బుద్ధి జెప్పినోడు. తప్పెవరిది?"

"ఇంకా తెలీదత్తా."

"తెలీదని చెప్పేదానికి ప్రొద్దుటూరు నుంచి రావల్నా? ఆ మాట ఈడ నేనే చెప్తాంటిని గదా."

పక్క తోట రైతు గొంతు తగ్గించి అన్నాడు: "తుమ్మలపల్లె గని ఈడికి ఎంతో దూరం లేదప్పా. యురేనియం గాలికి గడియారాలు తిక్కదిరుగుతాయంట."

నా మిత్రుడు నవ్వాడు. నేను నవ్వలేదు. రేడియేషన్ తగిలి చిప్పు లోపలి అంకె మారడం అనేది ఉత్త పుకారు కాదు, మా పనిలో అందరికీ తెలిసిన విషయం. ఎదుటివాడి మాట పల్లెటూరి మాటలా ఉందని కొట్టిపారేయడం హేతువాదం కాదు, అహంకారం. దాన్ని కూడా పరీక్షకు పెట్టవలసిందే. అలా ఎండ, కరెంటు, గని, నా కోడు, నలుగురు ముద్దాయిలు తేలారు.

చిప్పులో ఒక కౌంటర్ ఉంటుంది. ఆగకుండా ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకుంటూ పోవడమే దాని బతుకు. కెర్నల్ దాన్ని అడిగి టైం తెలుసుకుంటుంది. నేను ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. అది ఊపిరి తీసుకోకుండా కౌంటర్ని "ఎంత? ఎంత? ఎంత?" అని అడుగుతూ ఉంటుంది. ఇప్పుడు చెప్పింది ఇంతకుముందు చెప్పినదానికంటే తక్కువైనా, ఒక్కసారిగా ఎగిరినా కేక పెడుతుంది. దానికీ గడియారానికీ మధ్య నా మిగతా కోడు ఏదీ అడ్డు రాకుండా చూసుకున్నాను. లాప్‌టాప్ తీగ పెట్టెకు తగిలించి దాన్ని వదిలాను. అత్త సంగటికి ఎసరు పెట్టింది.

సంగటి ఉడకకముందే ప్రోగ్రాం కేక పెట్టింది.

"దొరికిందా?" అంది అత్త సంగటి కలిపే గెంటె చేతిలో పట్టుకుని.

"దొరికింది. నా కోడు తప్పు కాదు. కానీ ఎందుకో ఇంకా తెలీదు."

మిత్రుడు పెట్టెను స్టార్టరు లైను నుంచి విడదీసి, తన బండి బ్యాటరీకి తగిలించాడు. మళ్ళీ కేక. కరెంటు నిర్దోషి. అతను ముఖం చిన్నబుచ్చుకున్నాడు, ఎందుకంటే దారి పొడుగునా కరెంటుదే అని నాతో పందెం కాశాడు. గోనెసంచి తడిపి పెట్టెను చుట్టి, నీడలోకి తెచ్చాం. చల్లబడ్డాక కూడా అదే కేక. తర్వాత అతను కొట్టుకు ఫోను చేసి, అక్కడున్న ఇంకో బోర్డు మీద ఇదే ప్రోగ్రాం వేయమని భార్యకు చెప్పాడు. మేము సంగటి, చెనిక్కాయల పచ్చడి తింటుండగా ఆమె దగ్గర నుంచి ఫోను వచ్చింది. స్పీకరులో పెట్టాడు.

"ఈడ కూడా ఎగురుతాంది! ఫ్యాను కింద, ఇంట్లో కరెంటు మీద, ఎగురుతాంది. మీ ఇద్దరికీ చేతకాకపోతే ఇంటికి రాండి, నేను చూస్తా."

పక్క తోట రైతు వేళ్ళు నాకుతూ, "అయితే గని గాలి కాదంటావు," అన్నాడు.

"ప్రొద్దుటూరు దాకా రాదు కదన్నా."

"రాదులే," అని ఆయన కేసు ఉపసంహరించుకున్నాడు. పరీక్ష చూసి మనసు మార్చుకునే మనిషి ఎదురైతే నాకు పండగలా ఉంటుంది. సభల్లో అలాంటివాళ్ళు ఎంత తక్కువమంది దొరికారో నాకు తెలుసు.

ఇక కేకలు పడిన చోట్లన్నీ వరసగా చూశాను. తప్పు జవాబులన్నిటికీ ఒకే పోలిక. కౌంటర్ ఒక పెద్ద మలుపు తిరిగే క్షణంలోనే తప్పు చెబుతోంది. మిగతా వేళల్లో హరిశ్చంద్రుడే. మాస్టారి చక్రం గుర్తొచ్చి నాకు నవ్వు వచ్చింది. అత్తకు విడమరిచి చెప్పడానికి ఆమె పాత మోపెడ్ దగ్గరికి తీసుకెళ్ళాను.

"దీంట్లో కిలోమీటర్లు చూపించే చక్రాలు ఉన్నాయి కదా. తొమ్మిది వందల తొంభై తొమ్మిది తర్వాత వెయ్యి రావాలి. నాలుగు చక్రాలూ ఒక్కసారే తిరగాలి. ఎడమ చక్రం ముందే తిరిగి ఒకటి చూపించింది, మిగతా మూడూ ఇంకా తొమ్మిదుల మీదే ఉన్నాయనుకో. సరిగ్గా అప్పుడే నువ్వు చూస్తే?"

ఆమె చక్రాల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి చదివింది.

"వెయ్యి తొమ్మిదివందల తొంభై తొమ్మిది. అబ్బో. వెయ్యి కిలోమీటర్లు ఊరికే పోయినట్టు."

"మన పెట్టెలో ఏళ్ళకు ఏళ్ళే పోయినట్టు."

"అంటే చిప్పు జేసినోళ్ళకు చక్రాలన్నీ ఒకటేతూరి తిప్పేది రాలేదు."

"రాలేదు."

"మరి నువ్వు దాన్ని రిపేరీ చేయలేవా?"

"చక్రాల్ని ముట్టుకోలేనత్తా. చూసే పద్ధతి మార్చగలను."

అప్పుడు మా ఇద్దరు మగవాళ్ళకూ గొడవ మొదలైంది. మిత్రుడి ఉపాయం తేలిక. ఏడాది మరీ పెద్దదిగా కనిపిస్తే పెట్టె దాన్ని పట్టించుకోకూడదు, అంతే.

"ఒక్క లైను మామా. పని అయిపోతాది. అత్త రేపే బస్సెక్కుతాది."

"పెద్ద ఎగురుడు కనిపిస్తుంది కాబట్టి పట్టుకుంటావు. వెనక్కి వేసే చిన్న అడుగులు? మూడో భాగానికి వాల్వు తెరిచి, టైం వెనక్కిపోయి, మళ్ళీ రెండో భాగం తడిపితే?"

"అట్ల జరిగిందా?"

"ప్రోగ్రాంలో కనిపించింది. తోటలో ఇంకా జరగలేదు."

"జరగందానికి కూడా మందు ఏస్తావా?"

"కారణం తెలిసినాక లక్షణానికి మందు వేయడం భూతవైద్యం," అన్నాను. నాకు కోపం వచ్చింది. మా వృత్తిలో ఈ జబ్బు ఎంతగా ముదిరిందో బయటివాళ్ళకు తెలియదు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు రాసిన కోడులోనే ఉంటుంది: ఒక చోట కాసేపు ఆగమని ఒక లైను, పక్కన "దీన్ని తీయొద్దు, తీస్తే పనిచేయదు" అని ఒక హెచ్చరిక. ఎందుకు ఆగాలో రాసినవాడికీ తెలియదు. వాడి తర్వాతివాడు భయంతో దాన్ని ముట్టుకోడు. ఆ తర్వాతివాడు భక్తితో ముట్టుకోడు. గడపకు నిమ్మకాయ కట్టే ఇంటివాణ్ణి చూసి నవ్వే ఇంజనీర్లు తమ కోడుకు కట్టిన తాయెత్తులు విప్పి చూసుకోవాలి.

"ఉపన్యాసం అయిపోయిందా?" అంది అత్త. "నాకు పాప దగ్గరికి పోవాల. ఎవురో ఒకరు ఏదో ఒకటి చేయండి."

నేను చేసింది మాస్టారు చేసిందే. కౌంటర్ జవాబు చెప్పగానే కెర్నల్ దాన్ని నమ్మదు. చివరి అంకెలన్నీ మలుపు మీద ఉన్నట్టు కనిపిస్తే ఆ జవాబు పక్కన పెట్టి మళ్ళీ అడుగుతుంది. మలుపు దాటాక వచ్చిన మాటనే తీసుకుంటుంది. ఎంతసేపు అడిగినా మలుపులోనే ఉన్నానని మొండికేస్తే అడగడం ఆపే హద్దు కూడా పెట్టాను, ఎందుకంటే సాక్షిని కోర్టులోనే ముసలివాణ్ణి చేయకూడదు. కోడు చిన్నదే. దాని మీద రాసిన వివరణ దానికంటే పొడుగు: చిప్పు ఏం చేస్తుంది, ఎప్పుడు చేస్తుంది, మేం ఎలా కనిపెట్టాం, ఏ చిప్పులో ఈ తప్పు లేకపోతే అక్కడ దీన్ని తీసేయవచ్చు.

"ఇంత చిన్నదానికి ఇంత పురాణమా?" అన్నాడు మిత్రుడు నా భుజం మీదుగా చూస్తూ.

"పురాణంలో కారణం ఉండదు. అందుకే రాస్తున్నా."

కొత్త కెర్నల్ వేసిన పెట్టె మోటారుకు తగిలించాం. మిత్రుడు కొట్టు నుంచి తెప్పించిన, పాత కెర్నలే ఉన్న ఇంకో పెట్టె పక్కనే గోడకు కొట్టాం. దానికి మోటారు లేదు, గడియారం మాత్రమే. ఒకే ఎండ, ఒకే కరెంటు, ఒకే గాలి. అత్త రెండింటినీ చూసి సందేహం వెలిబుచ్చింది.

"రెండూ రెండు మాటలు చెప్తే ఏది నిజమో నాకెట్ల తెలుస్తాది?"

"నీ ఫోను చూసుకో. మూడో సాక్షి."

"నా ఫోను మాత్రం సత్యవంతురాలా?"

ఈ ప్రశ్న మా చర్చాగోష్ఠిలో ఎవరైనా అడిగి ఉంటే మాస్టారు లేచి కరచాలనం చేసేవారు. ఫోనుకు కూడా టైం బయటి నుంచే వస్తుందని, అది తప్పితే ఊళ్ళో అందరి ఫోన్లూ తప్పుతాయని, అప్పుడు పక్క తోటాయన ఫోనుతో సరిచూసుకోమని చెప్పాను. ఆమె సరేనంది. పక్క తోటాయన తన ఫోనుకు ఇంత గౌరవం దక్కినందుకు జేబులోంచి తీసి తుడుచుకున్నాడు.

తర్వాతి రోజుల్లో ఆమె ఫోన్లు ఇలా ఉండేవి: "ఈ పొద్దు ఇద్దరూ ఒకే మాట మీద ఉండారు." "ఈ పొద్దు కూడా." ఒక మధ్యాహ్నం మాత్రం పండగలా వచ్చింది ఆమె గొంతు: "అబ్బీ! పాతది పోయింది! మళ్ళా ముందు ఏండ్లకు పోయింది! కొత్తది కదల్లా. నా ఫోనూ, పక్కాయప్ప ఫోనూ కొత్తదాని పక్కనే ఉండాయి."

"అయితే జమ్మలమడుగు పోతావా?"

"ఇంగొక్కతూరి పాతది పోనీ. నువ్వే గదా ఒక్కసారి చూసి నమ్మొద్దనింది."

ఇది విని కడుపు నిండింది కానీ, అవతల ఆమె కూతురు నాకు ఫోను చేసి మండిపడింది: "బావా, మా అమ్మను నాస్తికురాల్ని చేసుకో, పర్లేదు. ముందు ఆమెను ఈడికి పంపించు. నా బిడ్డ నీ పరీక్షలు అయ్యేదాకా కడుపులో కూచోదు."

అదృష్టం అనే మాట నేను వాడను. అవకాశం ఉన్నది జరిగింది అంటాను. ఆ మరుసటి రోజే పాత పెట్టె మళ్ళీ ఎగిరింది. అత్త సంచీ సర్దుకుని, కొట్టానికి తాళం వేసి, పక్క తోటాయనకు తాళంచెవి ఇచ్చి, పులివెందులలో బస్సెక్కింది. ఎక్కేముందు నాతో ఒకే మాట అంది: "నీ పెట్టె మాట తప్పితే నేను ఆడి నుంచే నిన్ను తిడతా. శానా దూరం వినపడతాది."

పెట్టె మాట తప్పలేదు. ఆరింటికి మోటారు వేసినట్టు, పొద్దెక్కాక ఆపినట్టు ఆమె ఫోనుకు మెసేజీలు వెళ్తూనే ఉన్నాయి. ఆమె కూతురి పక్కన మంచం మీద కూర్చుని అవి చదివి వినిపించేదట. ఆ రోజుల్లోనే నేను నా దిద్దుబాటును, అందరూ కలిసి కెర్నల్ రాసే చోటికి పంపాను. ఎక్కడో ఉన్న ఒకావిడ చదివి, కారణం అర్థమైందనీ, ఇంకో కంపెనీ బోర్డు మీద కూడా ఒకసారి చూసి చెప్పమనీ అడిగింది. సాక్షిని రెండోసారి అడుగుతోందన్నమాట. ముచ్చటేసింది. చూసి చెప్పాను. దిద్దుబాటును కెర్నల్లో చేర్చుకున్నారు.

తెల్లవారాక ఒక రోజు అత్త నుంచి ఫోను వచ్చింది. మాట కంటే ముందు ఏడుపు, నవ్వు, వెనక ఒక పసిగొంతు వినిపించాయి.

"మనవరాలు అబ్బీ! పండులా ఉండాది! రా, వచ్చి చూడు!"

మిత్రుడూ, అతని భార్యా, నేనూ మైసూర్‌పాక్ పొట్లంతో జమ్మలమడుగు ఆస్పత్రికి వెళ్ళేసరికి వరండాలో ఒక పెద్ద తగాదా నడుస్తోంది. బిడ్డ పుట్టిన టైం మీద. గోడ గడియారం ఒకటి చెప్పింది. నర్సమ్మ చేతి గడియారం ఇంకొకటి చెప్పింది. బిడ్డ తండ్రి ఫోను అప్పుడు ఛార్జింగులో ఆఫ్ అయి ఉంది. నర్సమ్మను అడిగితే ఒకసారి ఒక మాట, ఇంకోసారి ఇంకో మాట చెప్పింది. జాతకం రాయడానికి వచ్చిన పురోహితుడు, వాళ్ళ వీధిలోనే ఉండే పెద్దాయన, చాలా సౌమ్యుడు, లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్నారు. జాతకం వేసేది ఇప్పుడు సాఫ్ట్‌వేరే.

"నర్సమ్మను తిట్టొద్దు," అంది మా అత్త. "ఆ టయంలో ఆమె తలకాయి తిరుగుతాంది. తిరిగేటప్పుడు అడిగితే ఎవరైనా తప్పే చెప్తారు."

మాస్టారి మాట. ఆమెకు నేనెప్పుడు చెప్పానో గుర్తులేదు. గర్వంతో ఛాతీ పొంగింది. ఆ పొంగు ఎక్కువసేపు నిలవలేదు. ఆమె వియ్యపురాలు చేతులు తిప్పుతూ అంది:

"ఇంత రచ్చ ఎందుకు? బిడ్డ కేర్ మనేటప్పుడే వదిన ఫోను టింగుమనింది. మోటారు మొదలైందని మెసేజి. ఆ టయం రాయండి. ఆ గడియారాన్ని ఈ అబ్బాయి రెండు పెట్టెలు పెట్టి, రోజులు రోజులు చూసి, నిజమని రుజువు చేసినాడంట గదా?"

అందరూ నావైపు తిరిగారు. పురోహితుడు కళ్ళజోడు సవరించుకుని, "నాయనా, మీరు చెప్తే అదే వేసేస్తా. టైం సరిగ్గా ఉంటే మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది," అన్నారు.

నా మిత్రుడు మైసూర్‌పాక్ పొట్లం ముఖానికి అడ్డం పెట్టుకుని వణికిపోతున్నాడు. అతని భార్య బాహాటంగానే నవ్వుతోంది.

"అది మెసేజి బయలుదేరిన టైం. చేరిన టైం కాదు," అన్నాను.

"ఎంత తేడా?"

"కొన్ని సెకన్లు."

"సెకన్లు మాకు అక్కర్లేదు నాయనా."

"అసలు సంగతి అది కాదండీ. గ్రహాలు ఆ బిడ్డకు ఏం చేస్తాయని..." అని మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళ ఆదివారాలు గొంతులోకి వచ్చాయి. అత్త చెయ్యెత్తి ఆపింది.

"ఒకటి చెప్పు. ఆ టయం తప్పా?"

"తప్పు కాదు."

"రుజువు చేసింది నువ్వేనా?"

"నేనే."

"అయితే ఊరకుండు. రా, బిడ్డను ఎత్తుకో."

ఎత్తుకున్నాను. గుప్పెడంత ఉంది. కళ్ళు తెరవకుండానే నా వేలు పట్టుకుంది. పక్కనే పురోహితుడు టకటకా టైపు చేస్తున్నారు. ఒక చిప్పు మలుపులో చెప్పే అబద్ధం నుంచి అరటితోటను కాపాడదామని నేను రాసిన నాలుగు లైన్లు, నా కళ్ళముందే, ఒక జన్మకుండలికి పునాది అయిపోయాయి. నా వాదజీవితంలో ఇంత చక్కగా, ఇంత సాక్ష్యాధారాలతో, నేనెప్పుడూ ఓడిపోలేదు.

అయినా వదలలేదు. వచ్చేముందు అత్తను పక్కకు పిలిచి, "సరే, సాక్షిని రెండుసార్లు అడగాలి కదా. ఇదే టైం ఇంకో పురోహితుడికి ఇచ్చి చూడు. ఇద్దరూ ఒకే మాట చెప్తారేమో చూద్దాం," అన్నాను. ఆమె తల ఊపింది. నాకు లోలోపల సంతోషం. పరీక్షకు ఒప్పుకుంది, ఇక దారి దానంతటదే తెరుచుకుంటుంది అనుకున్నాను.

ఆమె తోటకు తిరిగొచ్చాక గెలలు చూడటానికి వెళ్ళాను. నాలుగు భాగాల్లోనూ కాయ నిండుగా ఉంది. పెట్టె గోడమీద నిమ్మళంగా ఈనాటి తారీఖు చూపిస్తోంది. పాత పెట్టెను ఆమె తీయనివ్వలేదు, వచ్చినవాళ్ళకు చూపించడానికి ఉంచుకుంది. పక్క తోటాయన దాని ముందు నిలబడి మోపెడ్ చక్రాల కథ నాకంటే బాగా చెబుతాడట.

"అత్తా, ఇంకో పురోహితుణ్ణి అడిగావా?"

"అడిగినా. ప్రొద్దుటూరులో."

"ఏమన్నాడు?"

"ఇద్దరూ రెండు మాటలు చెప్పినారు. జమ్మలమడుగాయప్ప కోపిష్టిది అయితాదన్నాడు. ప్రొద్దుటూరాయప్ప కలెక్టరు అయితాదన్నాడు."

నేను సంతోషంతో మంచం మీద నుంచి లేచాను. "చూశావా! ఒకే టైం, రెండు జవాబులు! ఇప్పుడు ఏం చేయాలి? మూడోసారి అడగాలి!"

"ఎందుకు?" అంది అత్త, నా పళ్ళెంలో ఇంకో సంగటి ముద్ద పెడుతూ. "రెండోది బాగుండాది. అదే పెట్టుకున్నా."